కంకణం కట్టిన టీవీ గేమ్

చెల్లె ఉత్తరంలో అందరి క్షేమ సమాచారాలూ అయిపోయాక, కాగితం అంచు వెంట నిలువుగా, ఇరుకు అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "అక్కా, దసరాకు టీవీ గేమ్ తెస్తెనే నేను మళ్ల హాస్టల్‌కు పోత. లేకుంటె పోను, ఒట్టు."

ఆ ఉత్తరాన్ని నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే చదివాను. మడిచి నడుముకు దోపుకుని మళ్లీ నేత అందుకున్నాను. నాలుగు వరుసలు నేశానో లేదో మళ్లీ తీసి చదివాను. ఆ 'ఒట్టు' అన్న మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. చెల్లెకు అప్పటికి పదేళ్లు, నాకంటే పదిహేనేళ్లు చిన్నది. అయినా ఒట్టు పెట్టుకుందంటే దాని మీద నిలబడే రకం.

నేను బడికి పోలేదు. గద్వాలలో మాది నేత ఇల్లు. చీర అంచు పట్టు, నడిమి భాగం నూలు. ఆ రెండూ కలిసేచోట ప్రతి వరుసకూ పోగును పోగుతో చేత్తో మెలేయాలి. అందుకు నేసేవారి పక్కన ఇంకో రెండు చేతులు కావాలి. మా ఇంట్లో ఆ రెండు చేతులూ నావే అయ్యాయి. అయినా నాయిన నన్ను ఊరికే వదల్లేదు. డిజైన్లు గీసే గళ్లకాగితాల వెనకవైపు అక్షరాలు దిద్దించాడు. భజన పుస్తకం, గోడ మీది క్యాలెండరు, నూలు చుట్టి వచ్చే పాత పేపర్లు, ఇవే నా పాఠాలు. ఈ నాలుగు మాటలు ఇప్పుడు రాయగలుగుతున్నానంటే ఆ గళ్లకాగితాల దయే.

అందుకే చెల్లె చదువు నాకు నా చదువు కంటే ఎక్కువ. నాగర్‌కర్నూల్‌లో ఉన్న హాస్టల్ బడిలో దానికి సీటు వచ్చినప్పుడు అమ్మ వద్దంది. నేనే మూడు రోజులు అమ్మ వెంటపడి ఒప్పించాను. పంపిన మొదటి నెలంతా అది ఏడ్చింది. ప్రతి సెలవుల చివరా తలుపు చెక్కను పట్టుకుని వదిలేది కాదు. పోయినసారి నాయిన భుజాన వేసుకుని బస్సెక్కించాల్సి వచ్చింది. ఈసారి భుజాన వేసుకుంటే ఊరుకునే వయసు దాటుతోంది. "పోనంటే ఇడిసిపెట్టు, మగ్గం కాడ గూసుంటది" అని అమ్మ ముందే చెప్పి పెట్టింది.

నేను జవాబు రాశాను. అందరూ బాగున్నారు, కొత్త దూడ పుట్టింది, అని రాసి, చివర ఒక్క మాట: "తెస్త." పోస్టు డబ్బాలో వేసి ఇంటికొచ్చాక నాయినతో చెప్పాను.

"రాసినవా, చెప్పినవా?" అన్నాడు నాయిన.

"రాసిన."

"అయితే తేవాలె. రాసింది దాని పెట్టెల ఉంటది."

టీవీ గేమ్ అంటే ఏమిటో నాకు అప్పటికి సరిగా తెలియదు. బూడిదరంగు డబ్బా, దానికి వైర్లతో రెండు రిమోట్లు, పైన లావుపాటి క్యాసెట్ ఒకటి గుచ్చుతారట. టీవీకి తగిలిస్తే లోపల ఒక చిన్న మనిషి ఉరుకుతాడట, ఎగురుతాడట. ఆ ఏడు మా వైపు పిల్లలందరికీ అదే లోకం. ఎక్కడ మొదలైందో తెలియదు. కేబుల్ టీవీలో అడుగున పాకుతూ పోయే అక్షరాలు మాత్రం నాకు గుర్తున్నాయి: పండుగ స్పెషల్, స్టాక్ ఉన్నంతవరకే. సాయంత్రం భజన ప్రసారం అవుతుంటే దేవుడి పాదాల కిందుగా ఆ అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోయేవి. నేను దండం పెడుతూనే చదివేదాన్ని. తర్వాత చెంపలేసుకునేదాన్ని.

గద్వాల దుకాణాల్లో ఎక్కడడిగినా ఒకటే మాట. "అయిపోయినయ్. రేపు రండి." మర్నాడు పోతే మళ్లీ రేపే. ఆ 'రేపు' నాకు కొత్తది కాదు. దసరా ముందు మా ఇంటికి చీరల కోసం వచ్చేవాళ్లకు మేమూ అదే చెబుతాం. కాకపోతే మా రేపు వెనక మగ్గం ఉంటుంది. వచ్చినవాళ్లను లోపలికి పిలిచి, ఇంకా ఎంత నేయాలో చూపిస్తాం. చూసి వాళ్లే తగ్గుతారు. ఈ డబ్బాల రేపు వెనక ఏముందో ఎవరూ చూపించలేదు.

చెల్లెను సెలవులకు తీసుకురావడానికి పోయేటప్పుడు దారిలో వనపర్తిలో దిగాను. అక్కడ ఒక పెద్ద టీవీల దుకాణం ఉంది. ఆటోకు మైకు కట్టి ఊరూరా చెప్పిస్తోంది వాళ్లే. ముందు అద్దాల బీరువాలో, ఎర్ర గుడ్డ మీద, ఒక్క టీవీ గేమ్. దానికి పూలదండ ఒకటే తక్కువ. అద్దం మీద పిల్లల ముక్కుల మరకలు.

"గది ఇయ్యండి" అన్నాను.

దుకాణాదారు నవ్వాడు. "అది అమ్మేది కాదు అక్కా, చూసేది. సరుకు లేదు. హైదరాబాద్‌లనే దొరుకుత లేదంట. నవమి నాడు పొద్దుగాల రాండ్రి, లోడు దిగుతది. ఎంతొస్తదో నాకే తెల్వదు."

"నవమి నాడా? ఇంట్ల పూజ ఉంటది."

"అందరిండ్లల్ల ఉంటది అక్కా."

చెల్లె హాస్టల్ గేటు దగ్గర నన్ను చూడగానే ముందు నా సంచి వైపు చూసింది. గద్వాల దాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ మీదుగా పోతుంటే నేను ఎప్పటిలాగే ఆంజనేయ స్వామి గుడివైపు తిరిగి చేతులు జోడించాను. అప్పుడు అంది, ఇటు తిరగకుండానే: "ఏం మొక్కుతున్నవో నాకు తెల్సు."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో. నేతలో మెలికలు తప్పాయి, విప్పి మళ్లీ వేశాను. దీపం పెట్టి వత్తి సరిచేయడం మరిచిపోయాను. చెల్లె మాత్రం రోజూ గోడ క్యాలెండరు దగ్గర నిలబడి వేలితో లెక్కపెట్టుకుని, నన్నొక చూపు చూసి పోయేది. హాస్టల్ తెరిచేది దసరా మర్నాడే. పొద్దున ఏడింటి బస్సు పట్టుకోవాలి.

నవమి తెల్లవారకముందే తలస్నానం చేసి, మేము నేసిందే ఒక నూలు చీర కట్టుకుని బయలుదేరాను. అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మగ్గం పూజ నాడు ఇల్లు ఇడిసి పోతవా? దేవుడు ఏమనుకుంటడు?"

"దేవునికి చెప్పే పోతున్ననమ్మా. నేను వచ్చేదాక ఆగుండ్రి."

"ఆగుతం. ఆకలికి ఆగుతం, నీకూ ఆగుతం" అంది అమ్మ. అడ్డం తొలగింది. తిట్టుకుంటూనే రెండు రొట్టెలు చుట్టి ఇచ్చింది. ఆ రొట్టెలకు ఇప్పటికీ నా మనసులో దండం పెట్టుకుంటాను. ఆ రోజు వాటి వల్లే నిలబడగలిగాను.

నేను పోయేసరికే దుకాణం ముందు మనుషులు వరుస కట్టి ఉన్నారు. ఎండ ఎక్కింది, షట్టరు మాత్రం సగమే లేచి ఉంది. నా ముందు నిలబడ్డాయన కొత్తకోటలో లారీలు బాగుచేసే మెకానిక్. గోళ్ల సందుల్లో నూనె నలుపు పోలేదు. పండగని తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"ఏ ఊరు చెల్లె?"

"గద్వాల."

"అబ్బో! చీరలు ఇడిసి డబ్బాలకొచ్చినవా? మాకు మీ చీర దొరకది, మీకు మా డబ్బా దొరకది. సరిపాయె." వరుసంతా నవ్వింది. "నేనైతే రాత్రి లారీ కింద పండుకున్నట్టే గీ షట్టరు కింద పండుకుందమనుకున్న. ఇద్దరు పిల్లగాండ్లు. తేకుంటె ఇంట్లకు రానియ్యమన్నరు."

"మా చెల్లె హాస్టల్‌కు పోనంటుంది" అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన నవ్వడం మానేసి, "పోతదిలే, దొరుకుతది లే" అన్నాడు.

అంతలో లోపలినుంచి మాట వచ్చింది. వచ్చినవి నాలుగే. వరుసలో కలకలం లేచింది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ముందు ముగ్గురు, ఆ తర్వాత మెకానిక్, ఆయన వెనక నేను. ఆయనతోనే ఆఖరు. అయినా వరుస వదలలేదు, ఎవరైనా వద్దనుకుంటారేమోనని.

అప్పుడొచ్చాడు కేబుల్ వాళ్ల కెమెరా మనిషి. దుకాణాదారు పిలిపించాడట, ఈ రద్దీ చూపించాలని. అతను వరుసనంతా ఒకసారి చూసి, నా దగ్గర ఆగాడు.

"అక్కా, మీరు జర ముందుకు రాండ్రి. ఆడోళ్లు ముంగట ఉంటె మంచిగ పడ్తది. ఆ చీర గద్వాలదే గదా? అంచు కనపడేటట్టు నిలబడుండ్రి. ఆ, గట్ల."

దుకాణాదారే నా చేయి పట్టినంత పనిచేసి అందరి ముందుకు నడిపించాడు. మెట్టు మీద నిలబెట్టి, డబ్బా నా చేతుల్లో పెట్టాడు. కెమెరా మనిషి అడిగాడు: "యాడికెళ్లి వచ్చిన్రు?"

"గద్వాల నుంచి" అన్నాను.

"అంత దూరంకెళ్లి వచ్చిన్రా, దీనికోసమే?"

"దీనికోసమే."

"జర నవ్వుండ్రి అక్కా."

నవ్వాను. చేతిలో డబ్బా ఉంటే నవ్వు దానంతటదే వచ్చింది. ఇది నా మొదటి తప్పు. కెమెరా దించాక డబ్బా తిరిగిచ్చి నా చోటికి పోవాల్సిన దాన్ని. దుకాణాదారు "ఇది మీదే అక్కా, బిల్లు రాయించుకోండ్రి" అన్నాడు. నేను పోలేదు. రాయించుకున్నాను. తర్వాత వరుసలో ముందున్న ముగ్గురికీ మూడు. షట్టరు దిగింది.

మెకానిక్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చొక్కా చేతులు మడుచుకుంటూ అన్నాడు: "ఫోటోల పడ్డోళ్లకు ముందు, ఎండల నిలబడ్డోళ్లకు ఎనుక. పో చెల్లె, బస్సు దొరకదు మళ్ల."

బస్సులో డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సంతోషం ఒక పక్క, మంట ఒక పక్క. స్వామీ నీవే ఇప్పించావు, అనుకుంటాను. వెంటనే, నిజంగా నీవేనా, అనుకుంటాను. కృష్ణ దాటేటప్పుడు ఈసారి చేతులు జోడించలేకపోయాను, డబ్బా ఉందని. డబ్బాను పక్కన పెట్టొచ్చు. పెట్టలేదు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అందరూ ఉపవాసంతో నాకోసం కూర్చుని ఉన్నారు. మగ్గం గది కడిగి ముగ్గు పెట్టారు. పీట మీద పోగు విసిరే నాడెలు, కత్తెర, రాట్నం, నాయిన కళ్లద్దాలు కూడా, అన్నిటికీ బొట్లు పెట్టి ఉన్నాయి. చెల్లె నన్ను చూసి ఎగిరి గంతేసింది. "తెచ్చినవా అక్కా! నిజంగనే తెచ్చినవా!" అని డబ్బాను రెండు చేతులతో చుట్టేసుకుంది. ఇన్ని రోజుల బిగువు దాని మొహంలోంచి ఒక్కసారిగా జారిపోయింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఏ పద్ధతిలో వచ్చినా దేవుడిచ్చిందే గదా అనిపించింది. ఆ కృతజ్ఞతలో, మనసులోని మంట కూడా దేవుడి ముందే దించేద్దామన్న ఆత్రంలో, డబ్బాలోంచి గేమ్‌ను తీసి పీట మీద నాడెల పక్కన పెట్టాను.

మా ఇంట్లో నవమి నాడు పనిముట్టు పనిముట్టుకూ నాయిన పసుపు దారం కడతాడు. కంకణం అంటాం. ఒక్కొక్కదానికీ కట్టుకుంటూ వచ్చి గేమ్ దగ్గర ఆగాడు.

"దీనికి సుత కట్టాలెనా?"

"కట్టు నాయినా" అన్నాను.

చెల్లెనే ఉత్సాహంగా రెండు రిమోట్లకూ బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టారు, హారతి తిప్పారు. హారతి కళ్లకద్దుకుని చెల్లె అంది: "ఇగ టీవీకి పెడ్దమా?"

అమ్మ తిరిగి చూసింది. "యాడ పెడ్తవే? కంకణం కట్టినంక ముట్టుకుంటరా? దసరా పోయినంక, ఎల్లుండి పొద్దుగాల ఉద్వాసన చెప్పినంకనే."

చెల్లె నన్నే చూస్తోంది. ప్రతి ఏడూ మేము పాటించే నియమమే. ఆ రెండు రోజులు మగ్గం ఆగుతుంది, కత్తెర ఆగుతుంది, దారం కూడా తెంపం. నా బుద్ధికి ఆ క్షణం తట్టలేదు. ఎల్లుండి పొద్దున ఏడింటికి బస్సు.

"అక్కా, నువ్వే పెట్టినవ్" అంది చెల్లె. అరవలేదు. "నువ్వే పెట్టి, నువ్వే కట్టమన్నవ్."

దసరా రోజు పొద్దున్నుంచే వాడకట్టు వాళ్లు రావడం మొదలుపెట్టారు. వనపర్తిలో దొరకనిది మా ఇంట్లో దేవుడి దగ్గర ఉందని ఎవరు చెప్పారో.

"గిదేనా? దీనికోసం మంది మీద మంది పడ్డరంట గద!"

"ఈ పిల్ల రెండు దినాలు ఆ దుకాణం ముంగటనే పండుకుందంట."

"రెండు దినాలా! టీవీల సుత వచ్చిందంట గద ఈమె. వనపర్తిల మా అన్నోళ్లు చూసిన్రంట."

నేను కాదు కాదంటున్నా ఆగలేదు. ఎదురింటి ముసలమ్మ ఒక బంతిపువ్వు తెచ్చి రిమోట్ మీద పెట్టి దండం పెట్టింది. "ఏం దేవుడమ్మా ఈయన?" అనడిగింది. చెల్లె పళ్లు బిగించి, "ఎగిరే దేవుడు" అంది. చుట్టూ నవ్వులు. సాయంత్రానికి మా వాడలో ముగ్గురు అదే కొనాలని తీర్మానించుకున్నారు. అది ఎలా పనిచేస్తుందో ఒక్కరూ చూడలేదు. చూడకపోవడం వల్లే కొనాలనిపించిందేమో. ఆ దుకాణాదారు ఎర్ర గుడ్డ మీద పెట్టాడు, మేము పీట మీద పెట్టాం.

జమ్మి ఆకు తెచ్చాక చెల్లె అమ్మకూ నాయినకూ బంగారం అంటూ చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కింది. నాకు పెట్టలేదు. నా ముందునుంచి దాటిపోయి, తన పెట్టె తెరిచి, బట్టలన్నీ తీసి గూట్లో సర్దుకోవడం మొదలుపెట్టింది. అమ్మ నావైపు చూసింది, ముందే చెప్పాను కదా అన్నట్టు.

నేను మగ్గం గదిలో నాయిన దగ్గరికి పోయాను. "దారం ఇప్పనా నాయినా?"

"కట్టమన్నది నువ్వు. ఇప్పితే నువ్వే ఇప్పాలె. నేను అడ్డం రాను."

"దోషం గాదా?"

"పిల్ల చదువు గోసం గదా. దేవుడు లెక్కజెయ్యడు" అన్నాడు నాయిన. "నీకు నిద్ర పడ్తదా, అది చూసుకో."

పీట ముందు కూర్చున్నాను. దారం ముడి చిన్నదే. గోరు తగిలిస్తే ఊడుతుంది. పనిముట్టా ఇది, బొమ్మ గదా, బొమ్మకు నియమమేంటి, అని నాకు నేను చెప్పుకోబోయాను. మరి నిన్న పనిముట్ల పక్కన ఎందుకు పెట్టావు? చేయి చాచాను, వెనక్కి తీసుకున్నాను. మళ్లీ చాచాను. ప్రతిసారీ ముడి మీద నూనె నలుపుతో ఉన్న గోళ్లే కనబడ్డాయి. ఒకసారి వరుస దాటి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇక్కడ కూడా దాటాలా? నా కారణం మంచిదే. వనపర్తిలో కూడా మంచిదే.

చెల్లెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. వరుస, మెకానిక్, కెమెరా, నా నవ్వు. అది మొదట గోడవైపు చూస్తూ విన్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆయన పిల్లలకు దొరకలేదా?"

"దొరకలే."

"వాళ్లు ఆయనను ఇంట్లకు రానిచ్చిన్రా?"

"ఏమో. తెల్వదు."

కాలి వేలితో ముగ్గు గీత చెరిపింది. "అంటే ఇప్పుడు మనం నిలబడాలె. ఎండల నిలబడ్డట్టు. గంతేనా?"

"గంతే."

"పొద్దుగాల ఎన్ని గొట్టంగ లేపుతవ్?"

"నాలుగున్నరకు."

"నాలుగు గొట్టంగ లేపు. ఆరిటికి కరెంటు పోతది." లేచి పోతూ గుమ్మంలో ఆగింది. "ఆడినంకనే చెప్త పోతనో పోనో."

నేను లేపాల్సిన పని లేకపోయింది. నా కళ్లు తెరుచుకునేసరికి అది చన్నీళ్ల స్నానం చేసి, తడి జడతో, నాయిన మంచం దగ్గర నిలబడి ఉంది. నాయిన దీపం పెట్టి, ఉద్వాసన చెప్పి, ఒక్కొక్క దారం విప్పుతుంటే చెల్లె నాడెలను అందిస్తూ వచ్చింది. చివర గేమ్. ఆ ముడిని నాయిన నా వైపు జరిపాడు. నేనే విప్పాను.

తర్వాత అసలు కష్టం మొదలైంది. యాంటెన్నా వైరు పీకి గేమ్ వైరు పెట్టాం. టీవీలో తెల్లటి రవ్వలు తప్ప ఏమీ లేదు. ఛానెళ్లు తిప్పాం, మళ్లీ తిప్పాం. గరగరమన్న చప్పుడుకు అమ్మ లేచి వచ్చి, "దేవుడి దగ్గర పెట్టింది పలుకుత లేదా?" అంది. గోడ గడియారంలో అయిదుంబావు దాటింది, అయిదున్నర దాటింది. చెల్లె ఏడుపు ముఖం పెట్టలేదు. పెదవి కొరుక్కుంటూ ఛానెళ్ల మీట నొక్కుతూనే ఉంది. పదినిమిషాల తక్కువ ఆరుకు రవ్వల వెనకనుంచి ఒక నీలం ఆకాశం, ఒక చిన్న మనిషి వచ్చారు.

"ఒచ్చిండు!" అని అందరం ఒక్కసారే అరిచాం. అమ్మ కూడా.

చెల్లె ఆడింది. ఆ చిన్న మనిషి నాలుగడుగులు ఉరికి, మొదటి గుంతలోనే పడ్డాడు. మళ్లీ ఉరికాడు, మళ్లీ అదే గుంత. నాయిన వెనక నిలబడి చూస్తున్నాడు.

"ఎందుకు పడ్తుండో చెప్పనా?" అన్నాడు. "రెండు చేతులు ఒక్కపారి ఒత్తుతున్నవ్. మగ్గం మీద గూసున్నప్పుడు ముందు కాలుతోని తొక్కుతవా, నాడె ఇసురుతవా? తొక్కినంక గద ఇసిరేది. రెండు ఒక్కపారి జేస్తే పోగు తెగుతది. ఎడమది నడిపియ్యనీ. కుడిది జర ఆగి."

చెల్లె ఎడమ వేలు నొక్కింది. ఆగింది. కుడి వేలు. చిన్న మనిషి గాల్లోకి లేచి గుంత దాటాడు.

"నాయినా, దాటిండు!"

"దాటకేం జేస్తడు. నేతోళ్ల చేతిల పడ్డడు" అన్నాడు నాయిన. ఆ మాట అంటుండగానే కరెంటు పోయింది.

చీకట్లో నేను నిమిషాలు లెక్కపెట్టుకున్నాను. ఎంతసేపు ఆడిందని? పది నిమిషాలు కూడా కాదు. తర్వాత చెల్లె నవ్వు వినబడింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక. "ఎగిరే దేవుడు ఉద్వాసనకు పోయిండు" అంది. అమ్మ కూడా నవ్వి, వెంటనే చెంపలేసుకుంది. దీపం వెలుతురులో చెల్లె గూట్లోంచి బట్టలు తీసి పెట్టెలో సర్దుకుంది.

ఏడింటి బస్సెక్కాం. బీచుపల్లి దగ్గర నేను రెండు చేతులూ జోడించాను. అది కూడా జోడించింది. హాస్టల్ గేటు దగ్గర గుప్పెట తెరిచి, వాడిన జమ్మి ఆకు ఒకటి నా చేతిలో పెట్టింది. "నిన్నటిది" అంది. నాలుగడుగులు పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. "అక్కా, ఇంటికి పోంగనే దానికి మళ్ల కంకణం కట్టు. నేనొచ్చేదాక ఎవ్వరూ ముట్టొద్దు. వాడకట్టు పోరగాండ్లు అస్సలే."

"దేవునికి చెప్పకుండ ఊరికే కట్టొచ్చా?"

"నేను చెప్త, ఈడికెళ్లి" అని లోపలికి ఉరికింది. తలుపు చెక్క పట్టుకోలేదు. ఆ వీపును చూస్తూ ఎంతమందికి దండాలు పెట్టుకున్నానో నాకే తెలియదు.

తిరుగు దారిలో వనపర్తిలో బస్సు మారాలి. ఆ దుకాణం ముందునుంచే నడిచాను. మెట్ల మీద, నేను నిలబడి నవ్విన చోటే, టీవీ గేమ్ డబ్బాలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. అద్దం ముందు ఒక్క పిల్ల లేదు. దుకాణాదారు నన్ను గుర్తుపట్టి పిలిచాడు.

"అక్కా, ఇంకోటి గావాల్నా?"

"నాలుగే వచ్చినయన్నరు గదా!"

"వచ్చినయి చానా. పండుగ ముంగట జర జర ఇడిసినం." తప్పు చెప్పినట్టు కూడా లేదు ఆయన ముఖం. "మీరు కేబుల్‌ల మస్తుగ పడ్డరు అక్కా. మీ ముచ్చట జూసే చానామంది వచ్చిన్రు."

నాకు ఒళ్లు మండింది. "కొత్తకోట మెకానిక్ వచ్చిండా?" అని మాత్రం అడిగాను.

"ఎవలు వచ్చిన్రో, ఎవలు పోయిన్రో, ఎట్ల యాదుంటది అక్కా?"

వచ్చి ఉంటాడు, ఇన్ని ఉన్నాయి గదా, ఇద్దరు పిల్లలకూ దొరికే ఉంటుంది. బస్సులో అలా చెప్పుకుంటూ వచ్చాను. చెప్పుకున్నకొద్దీ నమ్మకం కుదరలేదు. ఉంటే మాత్రం స్వామికి వేయి దండాలు.

ఇంటికి వచ్చి, చెల్లె చెప్పినట్టే గేమ్‌కు పసుపు దారం కట్టి గూట్లో పెట్టాను. సాయంత్రానికి వాడకట్టు పిల్లలు నలుగురు గుమ్మం దగ్గరికొచ్చారు.

"అక్కా, జర ఆడనియ్యవా?"

"లేదు బిడ్డా. చెల్లె రావాలె."

"ఎప్పుడొస్తది?"

"సెలవులకు."

"పోనీ చూస్తం అక్కా, ముట్టం."

గూటి తలుపు కొద్దిగా తెరిచి చూపించాను. నలుగురూ మెడలు చాచి చూశారు. తలుపు మూస్తూ, "రేపు రాండ్రి, మళ్ల చూపిస్త" అన్నాను. అన్నాక ఆ గొంతు ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది.

మర్నాడు ఏడుగురు వచ్చారు. నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, వాళ్లు గుమ్మంలో ఒకరినొకరు తోసుకోవడం వింటూ, మెలికలు తప్పుతూ నేశాను.